నలభై లోపు

రక్తపరీక్షల మెషీన్ మూడుసార్లు కూసింది. తెర మీద ఏడో బెడ్డు పాప వరస మొత్తం బూడిదరంగులోకి మారిపోయింది.

రూళ్లకర్ర తల కూడా తిప్పలేదు. కుడిచేత్తో రాక్‌లోంచి ఆ ట్యూబు లాగింది. ఎడమచేత్తో ముద్ర అందుకుంది. టప్. ‘తిరస్కరణ. సెలైన్ కలిసింది. మళ్లీ తీయాలి.’ కింద తన పొడి అక్షరాలు రెండు గీకింది. మొత్తం నాలుగు సెకన్ల పని.

ఆవిడ అసలు పేరు ఆ ఆస్పత్రిలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నడక నిటారు, మాట నిటారు, సంతకం కూడా గీత గీసినట్టే ఉంటుంది. నేలకింది అంతస్తులో, కిటికీ లేని ల్యాబులో పందొమ్మిదేళ్లుగా సీనియర్ టెక్నీషియన్. ముఖం మీద ‘మేడం’. వెనక రూళ్లకర్ర.

“మేడం, మీకూ నాకూ ఏమైనా పాతపగలున్నాయా?”

గుమ్మంలో దోమ. వార్డుల్లో తిరిగి రోగుల నెత్తురు తీసుకొచ్చే మనిషి. నలభై దాటినవాడు. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. ఎలాగూ ఎవరో ఒకరు పెడతారు, నేనే పెట్టుకుంటే మర్యాదగా ఉంటుంది అంటాడు.

“శుక్రవారం తీసి పంపాను, తిప్పికొట్టారు. ఇవాళ తీశాను, ఇదీ కొట్టారు. ఆ పాప చెయ్యి నా బొటనవేలంత లేదు. నరం దొరకాలంటే అరగంట పడుతోంది.”

“సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే నీళ్లే వస్తాయి. కొలెస్ట్రాల్ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. ఆ వయసుకి నూరు దాటాలి. ఇరవై ఎనిమిది ఎక్కడైనా ఉంటుందా?”

“ఆ పాపకి అసలు సెలైనే పెట్టలేదు మేడం.”

“అందరూ అదే అంటారు.”

“పోనీ మా బావని పిలుచుకురానా? ఆయనకి మూడొందలుంది. కాస్త సర్దమంటే పండగ చేసుకుంటాడు.”

ఆవిడ నవ్వలేదు. పెన్నుతో మెషీన్ నెత్తి మీద అంటించిన కాగితం చూపించింది. కొలెస్ట్రాల్ నలభై లోపు వస్తే శాంపిల్‌లో సెలైన్ కలిసినట్టు. మిగతా ఫలితాలు చూడకుండా మొత్తం రిపోర్టు ఆపాలి. తొమ్మిదేళ్ల కిందటి కాగితం. దాని మీది రాత ఆవిడదే. అది అంటించాక ల్యాబు నుంచి తప్పుడు రిపోర్టు ఒక్కటి కూడా బయటికి పోలేదు. పై అధికారులు వచ్చినప్పుడల్లా ఆ కాగితాన్ని చూపించి మెచ్చుకుంటారు.

దోమ కూడా ఈసారి నవ్వలేదు.

“గురువారం పదింటికి శిశు సంక్షేమం ఆఫీసరు వస్తోందట మేడం. తల్లి కావాలనే పాలు పట్టడం లేదని అత్తగారు ఫిర్యాదు చేసింది. ఐదున్నర నెలల పిల్ల, మూడున్నర కిలోలు. నెత్తురు రిపోర్టు చేతికి రాలేదు కాబట్టి డాక్టరుగారు కూడా ‘సరిగా తినిపించకపోవడం వల్ల’ అని రాసేశారు. గురువారం పాపని తల్లి దగ్గర్నుంచి తీసేసుకుంటారు.”

“అయితే మళ్లీ తీసుకురా. ఈసారి సరిగ్గా తీసుకురా.”

“మీరోసారి పైకొచ్చి చూడొచ్చుగా?”

ఆవిడ తర్వాతి ట్యూబు అందుకుంది. ట్యూబులు కిందికి వస్తాయి. కాగితాలు పైకి వెళ్తాయి. ఈ పందొమ్మిదేళ్లలో ఆవిడ రెండో అంతస్తు మెట్లు ఎక్కలేదు.

మధ్యాహ్నం డబ్బా విప్పి, మూతనే పళ్లెంగా చేసుకుని, మెషీన్‌కి ఎదురుగా కూర్చుని తిన్నది. పక్కగదిలో కుర్ర టెక్నీషియన్లు ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతున్నారు. ఆవిడ మంచినీళ్లకని లేచి అటు వెళ్తే నవ్వు ఆగింది. తిరిగొచ్చాక మళ్లీ మొదలైంది. ఆవిడకది కొత్త కాదు. డబ్బా కడిగి బోర్లించింది.

నాలుగింటికి తిరస్కరించిన ట్యూబుల్ని పసుపు తొట్టిలో పారేసే వేళ. ఒక్కొక్కటే వేస్తోంది. ఏడో బెడ్డు ట్యూబు వేళ్ల మధ్యకి వచ్చింది. వేయబోయి ఆగింది.

నెత్తురు కిందికి దిగి, పైన తేట నిలిచింది. ఆ తేట రంగు గడ్డివామి రంగు. చిక్కగా ఉంది. సెలైన్ కలిసిన తేటని ఆవిడ కొన్ని వేలసార్లు చూసింది. అది కడుగునీళ్లలా ఉంటుంది. ట్యూబుని దీపానికి ఎదురుగా పట్టి వంచింది. తేట అంచు గాజుని పట్టుకుని మెల్లగా జారింది.

ఆవిడ తెర దగ్గరికి నడిచింది. ఆపేసిన వరస మీద వేలు పెట్టి, ఇన్నేళ్లలో ఎప్పుడూ నొక్కని మీట నొక్కింది. బూడిదరంగు వెనక దాగిన అంకెలు బయటపడ్డాయి. ప్రోటీను సరిగ్గా ఉంది. కాల్షియం సరిగ్గా ఉంది. ఉప్పులు సరిగ్గా ఉన్నాయి. కొలెస్ట్రాల్ మాత్రం ఇరవై ఎనిమిది.

పాలల్లో నీళ్లు కలిస్తే పాలన్నీ పలచబడతాయి. మీగడ ఒక్కటే మాయమవదు. ఇది బడిపిల్లకైనా తెలుసు. తొమ్మిదేళ్లుగా మిగతావి చూడొద్దని తనే రాసిపెట్టింది కాబట్టి తను చూడలేదు.

శుక్రవారం శాంపిల్ చూద్దామని పాప నంబరు కొట్టింది. మెషీన్ జ్ఞాపకంలోంచి రెండు వరసలు రావాలి. నాలుగు వచ్చాయి.

పైన రెండూ ఐదున్నర నెలల కిందటివి. పాప ఇక్కడే పుట్టింది. పుట్టిన రెండోరోజు: ముప్పై నాలుగు. నాలుగోరోజు: ముప్పై ఒకటి. మిగతావన్నీ సరిగ్గా. రెండింటి మీదా తిరస్కరణ. నాలుగు వరసల చివరా అవే రెండు పొడి అక్షరాలు.

వెనక మెషీన్ తనని తాను కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని ఆపడానికి కూడా కదల్లేదు.

మంగళవారం పదకొండింటికి ఆవిడ మెట్లెక్కింది. చేతిలో ఖాళీ రాక్ ఒకటి పట్టుకుంది, ఎవరైనా అడిగితే చెప్పడానికి.

పిల్లల వార్డులో పన్నెండు మంచాలు. ఏడో మంచం ఎక్కడని అడగక్కర్లేకపోయింది. మిగతా తల్లుల కుర్చీలన్నీ ఒకవైపు గుంపుగా ఉన్నాయి. కిటికీ పక్కన ఒక్క కుర్చీ మాత్రం విడిగా, వీపు అటు తిప్పి ఉంది. అందులో పాతికేళ్ల మనిషి. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె అంచు కాల్చిన పాత మచ్చలు రెండు. ఒళ్లో గుడ్డల మూట. ఆ మూటలో పాప ఉందని దగ్గరికి వెళ్తేగాని తెలియలేదు.

తల్లి డ్రాపరుతో పాలు పడుతోంది. ఒక చుక్క. గొంతు మీద చూపుడువేలు ఆనించి ఆగింది. మింగింది. ఇంకో చుక్క. ఆగింది. పాప మూతి పక్కకి జారింది, పాలు చెంప మీదికి కారాయి. తల్లి వేలితో ఆ చుక్కని తీసి మళ్లీ పెదవి మీదికి చేర్చింది. ఆ చేతికి తొందర లేదు.

“మీరు ఆఫీసు నుంచా?” తలెత్తకుండా అడిగింది.

“కింద నుంచి.” రూళ్లకర్ర రాక్‌ని వీపు వెనక్కి జరిపింది. “ఎంతసేపు పడుతుంది?”

“ముప్పై మిల్లీలకి యాభై నిమిషాలు. సగం కక్కేస్తుంది. మళ్లీ మొదలు. ఈ పిచ్చుక ముక్కుకి ఇంతకన్నా పట్టదండీ.”

“పిచ్చుకట, పిచ్చుక!” వెనక నుంచి గొంతు. అత్తగారు టీ గ్లాసుతో వచ్చింది. “మా వాడు ఈ వయసులో గిన్నె గిన్నంతా గటగటా తాగేవాడు. పట్టే చేతిలో ఉంటుందమ్మా అంతా. లాండ్రీకి ఎప్పుడు పరిగెడదామా అని మనసు అక్కడుంటే ఇక్కడ పాలేం దిగుతాయి?”

తల్లి డ్రాపరు నొక్కింది. ఇంకో చుక్క. ఆగింది.

“నేనేం గిట్టక చెప్పానా ఆఫీసరుకి? కళ్లముందు పిల్ల కరిగిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా? ఓడ పని మీద సముద్రంలో ఉన్న నా కొడుక్కి నేనేం సమాధానం చెప్పుకోవాలి?” టీ ఒలికి చేతి మీద పడినా చూసుకోలేదు.

పాప ఒక్కసారి పొట్ట బిగించి పాలన్నీ కక్కేసింది. గుడ్డలు తడిశాయి. తల్లి చకచకా మేజోళ్లు లాగేసింది. చిన్న పాదాలు. రూళ్లకర్ర వంగి చూసింది. బొటనవేలి పక్కన రెండు వేళ్లూ గోటిదాకా కలిసి అతుక్కుని ఉన్నాయి. రెండు కాళ్లకీ అంతే.

తల్లి గబుక్కున పొడిగుడ్డ కప్పేసింది.

“పుట్టినప్పటి నుంచీ అంతేనా?”

“చూస్తే మళ్లీ ఏదో ఒకటి అంటారని...” తల్లి పాపని మంచం మీద పడుకోబెట్టింది. డ్రాపరు కడగడానికి లేచింది.

రూళ్లకర్ర పిల్లల డాక్టరు గది తలుపు తోసి లోపలికి వెళ్లినప్పుడు ఆయన టీ చల్లార్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు. కళ్ల కింద నిద్రలేని నలుపు. ఆవిడ సోమవారం నాటి అంకెలు బల్ల మీద పెట్టింది. ఒక్క నిమిషంలో చెప్పాల్సింది చెప్పింది.

“అమ్మా, మీరు టెక్నీషియన్. జబ్బు తేల్చడం నా పని.”

“కాళ్లు చూశారా?”

“మేజోళ్లు...” ఆయన ఆగాడు. లేచి వార్డులోకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆయన టీ మీద తొరక కట్టింది. దాన్నలాగే పక్కకి నెట్టి, అలమరలోంచి లావుపాటి పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. ఒక చోట ఆగి చదివాడు.

“కొలెస్ట్రాల్ అంటే మనకి పెద్దవాళ్ల గుండెపోటే గుర్తొస్తుంది,” అన్నాడు, తనలో తను చెప్పుకుంటున్నట్టు. “కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు అదే లేకపోతే పని సాగదు. మెదడుకి అది కావాలి, నరాలకి కావాలి, వేళ్లు విడివిడిగా రావాలన్నా కావాలి. ఈ పాప ఒంట్లో దాన్ని తయారుచేసే ఆఖరి మెట్టు పని చేయడం లేదేమో. పుట్టుకతో వచ్చేది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. ఇద్దరికీ పైకేమీ కనిపించదు.”

“మరి గురువారం...”

“అదే చిక్కు. ఖాయం చేసే పరీక్ష పెద్ద ల్యాబుకి పంపాలి. మూడు వారాలు. ఈ ఒక్క అంకె చూపిస్తే ఆఫీసరేమంటుంది? తిండి పెట్టకపోతే ఇదీ తగ్గిందంటుంది. కాదని నేను ప్రమాణం చేయలేను. తల్లి చేతికి రాకముందే, పుట్టిన రోజుల్లోనే ఇంత తక్కువుందని తేలితే వేరు.” ఫైలు తిరగేశాడు. “అప్పుడు రెండుసార్లు పంపారు. రెండూ పనికిరాలేదని రాసుంది. ఎవరో దద్దమ్మలు తీయడం చేతగాక పాడుచేసి ఉంటారు.”

రూళ్లకర్ర నోరు తెరిచింది.

“అంతే అయి ఉంటుంది,” అంది.

మెట్లు దిగుతూ మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. ఖాళీ రాక్ డాక్టరు బల్ల మీదే మర్చిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

బుధవారం పొద్దున్నే ల్యాబు అధికారి గదిలో నాలుగు కాగితాలు పరిచింది. ఆయనకి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆవిడ చెప్పిందంతా విన్నాడు. కింద రెండు కాగితాలు ఉంచుకుని, పైరెండూ ఆవిడ వైపు జరిపాడు.

“ఈ వారంవి విడుదల చేద్దాం. పాతవి వదిలెయ్.”

“పాతవే కావాలండీ. ఆ తల్లి ఇంకా పాలు పట్టడం మొదలెట్టకముందువి అవే. అప్పుడు పాప నర్సుల చేతిలో ఉంది.”

“తిరస్కరించింది రిపోర్టు కాదు. అది లేనట్టే.”

“పాప ఉంది కదండీ.”

ఆయన కళ్లజోడు కిందికి దిగింది. “చూడు తల్లీ. ఇది బయటికి పోతే ఒక్క పాపతో ఆగుతుందా? తొమ్మిదేళ్లలో నలభై లోపు ఎన్నొచ్చాయి, ఎన్ని కొట్టేశాం అని తవ్వుతారు. నీ రూలది. నీ చేతిరాత అది. నా సంతకం దాని కింద ఉంది. మన వీపు మనమే గోక్కుంటే ఫర్వాలేదు, మనమే కొట్టుకుంటామా?”

“నలభై లోపు ఎన్నొచ్చాయో నిన్న చూశాను.”

“ఎన్ని?”

“డెబ్భై మూడు. అరవై ఎనిమిదింట్లో అన్నీ పలచబడ్డాయి. నిజంగా సెలైనే. మిగిలిన ఐదు...” ఆవిడ ఆగింది. “నాలుగు ఈ పాపవి. ఇంకోటి ఆరేళ్ల కిందటిది. పుట్టిన మూడోరోజు బాబు. ఆ నంబరు మీద మళ్లీ ఎవరూ రాలేదు.”

గదిలో గాలిపంకా కిర్రుమంటోంది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“నేను నీకు అనుమతి ఇవ్వడం లేదు,” అన్నాడు చివరికి. “అర్థమైందా?”

“అర్థమైందండీ.”

ఆవిడ కాగితాలు నాలుగూ తీసుకుని వచ్చేసింది. ఆ రోజంతా మెషీన్ దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి శాంపిల్‌కీ అన్ని అంకెలూ చదివింది. పని ఆలస్యమైంది. కుర్రవాళ్లు గొణిగారు. సాయంత్రం దోమ గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడం, నిన్న మీరు పైకెళ్లారని ఆస్పత్రంతా చెప్పుకుంటున్నారు. భూకంపం వస్తుందేమోనని మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పా.”

“నువ్వు తీసినవి రెండూ సరిగ్గానే ఉన్నాయి,” అంది ఆవిడ. “తప్పు నాది.”

దోమ గుమ్మాన్ని వదిలి నిటారుగా నిలబడ్డాడు. “సరే మేడం,” అని మాత్రం అని వెళ్లిపోయాడు.

గురువారం పదింటికి డాక్టరు గదిలో నాలుగు కుర్చీలు వేశారు. ఆఫీసరు సన్నగా, చెయ్యి తిరిగిన మనిషి. అప్పటికే కాగితంలో సగం నింపేసింది. తల్లి గుమ్మానికి దగ్గరగా కూర్చుంది. పాప సామాన్లన్నీ ఒక సంచిలో సర్ది కాళ్ల దగ్గర పెట్టుకుంది. మేజోళ్లు, గుడ్డలు, డ్రాపరు. తీసుకెళ్లేవాళ్లు ఏదీ వెతుక్కోకూడదని.

రూళ్లకర్రకి కుర్చీ లేదు. పిలవకుండానే వచ్చింది. నాలుగు కాగితాలూ తేదీల వరసలో ఆఫీసరు ముందు పెట్టింది.

“ఇవి పనికిరావన్నది నేను,” అంది. “పనికొచ్చేవే. పాప పుట్టిన రెండోరోజు ఇది. తల్లికి జ్వరమని పాపని నర్సుల గదిలో ఉంచారు. అప్పటికి ఈవిడ పాలు పట్టనేలేదు. అప్పటికే ముప్పై నాలుగు.”

డాక్టరు కాగితాలు లాక్కున్నట్టే అందుకున్నాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుని ఆవిడ తల దించకుండా తీసుకుంది. తర్వాత ఆయన ఆఫీసరుకి వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు. పది నిమిషాలు పట్టింది. ఆఫీసరు రెండు ప్రశ్నలు అడిగింది. రెండూ మంచి ప్రశ్నలే. ఆ తర్వాత తను నింపిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కొత్తది తీసి, ‘తల్లి నిర్లక్ష్యం లేదు’ అని రాసింది.

“ఇద్దరి నుంచీ అంటే?” అత్తగారు అడిగింది. “నా కొడుకు నుంచి కూడానా?”

“సగం అటు నుంచేనమ్మా,” అన్నాడు డాక్టరు.

అత్తగారు పైటకొంగు వేళ్లకి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది. “వాడికి ఫోన్లో చెప్పొద్దు,” అంది కోడలితో, చాలా చిన్న గొంతుతో. “సముద్రం మీద ఒక్కడే ఉంటాడు. వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం.” ఆఫీసరు వెంట ఆమె కూడా బయటికి నడిచింది.

డాక్టరు తల్లికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొలెస్ట్రాల్ కోసం రోజూ గుడ్డు పచ్చసొన కొంచెం, తర్వాత ఒక పొడి వస్తుంది, ముక్కులోంచి గొట్టం వేస్తే పాలు దిగుతాయి అని చెప్పాడు. ఆమె అన్నింటికీ తల ఊపింది.

“నయమవుతుందా?”

“బరువు పెరుగుతుంది. చిరాకు తగ్గుతుంది. కడుపులో ఉన్నప్పుడే మెదడులో జరగాల్సింది జరగలేదమ్మా. నడక, మాట... బాగా ఆలస్యమవుతాయి. కొన్ని రాకపోవచ్చు.”

ఎవరో పిలిస్తే ఆయన లేచి వెళ్లాడు. గదిలో ఇద్దరే మిగిలారు. మూటలో పాప.

గండం గడిచింది. తల్లి ఏడుస్తుందనుకుంది రూళ్లకర్ర, లేదా ఊపిరి పీల్చుకుంటుందనుకుంది. తల్లి కాళ్ల దగ్గరి సంచి వైపు చూస్తూ కూర్చుంది.

“తప్పు నాదైతేనే బాగుండేదండీ,” అంది. “నా తప్పయితే రేపట్నుంచి సరిగ్గా పట్టేదాన్ని. పిల్ల బాగయ్యేది. రోజూ అదే అనుకునేదాన్ని. ఇవాళ కుదరలేదు, రేపు ఇంకా మెల్లగా పడదాం, రేపు ఇంకా ఓపిగ్గా పడదాం అని.”

తల్లి చూపు బల్ల మీది నాలుగు కాగితాల మీదికి మళ్లింది.

“పుట్టిన రెండోరోజే తెలిసేదా?”

“తెలిసేది.”

“తెలిస్తే?”

“ఇన్ని నెలలు ముందే గుడ్డు మొదలయ్యేది. ఇంకాస్త బరువుండేది. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.” రూళ్లకర్ర ఒక అడుగు ముందుకి వేసింది. “క్షమించమని అడగడానికి నాకు...”

“అడగకండి.”

తలుపు తోసుకుని దోమ వచ్చాడు. పెద్ద ల్యాబుకి పంపడానికి నెత్తురు కావాలి. పళ్లెంలో సన్నసూది, దూది, చిన్న ట్యూబు. తల్లి అతని వైపు చూసింది. అక్కణ్నుంచి రూళ్లకర్ర వైపు చూసింది.

“ఆయన వద్దు. మీరు తీయండి.”

“నేను సూది పట్టి పందొమ్మిదేళ్లయింది. నాకు...”

“నాలుగుసార్లు తీయించి పారేశారుగా. ఒక్కసారన్నా మీరు తీయండి. అది ఎలా ఏడుస్తుందో మీరూ వినండి.”

ఆ గొంతులో కోపం లేదు. లాండ్రీలో మడత ఎలా పెట్టాలో కొత్త మనిషికి చెబుతున్నట్టుంది. దోమ పళ్లెం బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు.

రూళ్లకర్ర చేతులు కడుక్కుంది. నేల మీద మోకాళ్లూనింది, ఆ ఎత్తుకైతేనే పాప చెయ్యి అందుతుంది. తల్లి గుడ్డలోంచి చెయ్యి బయటికి తీసి పట్టుకుంది. పుల్లలాంటి చెయ్యి. వేలితో నరం కోసం వెతికింది. కనబడదు, తగలాలి. అరచేతి వెనక, గుడ్డ కింద దారంలా, ఒక చోట తగిలింది. దూదితో తుడిచింది. సూది దించింది.

ఏడుపు వచ్చింది. పసిపిల్లల ఏడుపంటే వార్డులు దద్దరిల్లుతాయని ఆవిడ అనుకునేది. ఇది అలా లేదు. ఏడవడానికి కావాల్సిన బలం కూడా లేని ఏడుపు. నోరంతా తెరిచి ఉంది, ముఖమంతా ముడుచుకుంది, శబ్దం మాత్రం తలుపు కిర్రుమన్నంతే. తల వంచి దగ్గరగా వింటే తప్ప వినిపించదు. ఆవిడ తల వంచింది. ట్యూబులోకి ఒక్కో చుక్కే దిగుతోంది. తొందరపెట్టలేదు. చివరి చుక్క దాకా వింది.

సూది తీసి దూది అద్ది పట్టుకుంది. దోమ ట్యూబు అందుకుని, మూత బిగించి, మెల్లగా నాలుగుసార్లు తలకిందులు చేసి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కింద ల్యాబు అధికారి అప్పటికే ఆవిడ మీద కాగితం రాస్తూ ఉంటాడు. రేపటి నుంచి ఆవిడ మెషీన్ ముందు కూర్చోదు.

నెత్తురు ఆగిపోయింది. పాప ఏడుపు ఎక్కిళ్లలోకి దిగి, అదీ ఆగింది. దూది తీసేయొచ్చు. రూళ్లకర్ర మోకాళ్ల మీదే ఉంది. వేళ్ల మధ్య ఆ చెయ్యి ఇంకా ఉంది.

ఆవిడ వదల్లేదు. తల్లి వదలమనలేదు.